ఆకురాయి పట్టు

ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన కుర్రాణ్ణి మొదటి రోజుల్లో లేత్ దగ్గరికి రానివ్వరు. బెంచ్ వైస్‌లో ఓ ఇనుప ముక్క బిగించి, చేతికి ఆకురాయి ఇచ్చి, పైముఖం చదును చెయ్యమంటారు. వారం తిరిగేసరికి అరచేతుల్లో బొబ్బలు లేస్తాయి గానీ ముక్క చదును కాదు. ట్రై స్క్వేర్ ఆనించి వెలుతురుకు ఎత్తితే రెండు చివర్లా సందులోంచి వెలుగు కనిపిస్తుంది. “పలక చెయ్యమంటే తాబేటి వీపు చేశావేంట్రా?” అంటారు సారు.

తాబేటి వీపు రావడం సహజం. మన చెయ్యి భుజం దగ్గరా మోచేతి దగ్గరా కీలు మీద తిరుగుతుంది. కీలు మీద తిరిగేది వంపు తిరుగుతుందే తప్ప తిన్నగా పోదు. పైగా ముక్క మీద ఆకురాయి తక్కెడలా ఊగుతుంది. తోపు మొదట్లో ముక్క ఆకురాతి కొస కింద ఉంటుంది కాబట్టి ఎడమ చెయ్యి గట్టిగా నొక్కాలి. ముందుకు సాగేకొద్దీ ఆ బరువు కుడి చేతికి మారుతూ పోవాలి. సగం తోపులో రెండూ సమానం, చివర్లో అంతా కుడి చేతిదే. ఇది చెప్పినంత తేలిగ్గా రాదు. ఒంటికి అలవాటు కావాలి. వైస్ మోచేతి ఎత్తులో ఉండాలి, ఎడమ కాలు ముందుండాలి, తోపులో నడుము కూడా కదలాలి. పళ్ల వాలు ముందుకే ఉంటుంది కనుక వెనక్కి తీసేటప్పుడు ఒత్తిడి పెట్టకూడదు. పెడితే పళ్లు చచ్చిపోతాయి.

పనివాడు కాసేపు ఒక మూల నుంచి, కాసేపు ఎదురు మూల నుంచి తోస్తాడు. కొత్త గీతలు పాత గీతలను అడ్డంగా కోస్తే ఎక్కడ మిట్ట ఉందో, ఎక్కడ పల్లం ఉందో కళ్లకు తెలుస్తుంది. నునుపు తేల్చేటప్పుడు ఆకురాతిని అడ్డంగా రెండు చేతులా పట్టుకుని ముక్క పొడవునా నడుపుతాడు. దీన్ని డ్రా ఫైలింగ్ అంటారు. పళ్లకు సుద్ద రాస్తే రజను సందుల్లో ఇరుక్కోదు. ఇరుక్కున్న ఒక్క రవ్వ చాలు, గంటసేపు చేసిన నునుపు మీద గాడి పడటానికి. అందుకే తీగల బ్రష్ పక్కనే ఉండాలి. చెమట చేత్తో ముక్కను తడమకూడదు. జిడ్డు తగిలిన చోట ఆకురాయి కొరకదు, జారుతుంది.

ఇంత శ్రమా చెడ్డ ఆకురాతితో పడితే వృథా. నేర్చుకునేవాడు తన చేతిదే తప్పనుకుంటాడు, అదీ బాధ. మంచి హ్యాండ్ ఫైల్‌ను నిడివిలో చూస్తే మధ్యన రవ్వంత ఉబ్బు కనిపిస్తుంది. చెయ్యి ఊగినా ముక్క అంచులు మరీ అరిగిపోకుండా కాసేది ఆ ఉబ్బే. డబుల్ కట్‌లో ఒక వరుస గాట్లు 70 డిగ్రీల్లో, రెండో వరుస 51 డిగ్రీల్లో ఉంటాయని ఐటీఐ పుస్తకాలు చెబుతాయి. రెండు కోణాలూ ఒకటే అయితే పన్ను వెనక పన్ను ఒకే దారిన నడిచి చాళ్లు దున్నుతుంది. ముతకదనాన్ని చెప్పే బాస్టర్డ్, సెకండ్ కట్, స్మూత్ అన్న పేర్లను నమ్ముకుని కూడా కొనకూడదు. 12 అంగుళాల బాస్టర్డ్, 6 అంగుళాల బాస్టర్డ్ కంటే ముతకగా ఉంటుంది.

హైదరాబాద్‌లో రాణిగంజ్ హార్డ్‌వేర్ కొట్లో అయినా, జుమ్మేరాత్ బజార్‌లో పరిచిన పాత సామాన్లలో అయినా పరీక్ష ఒకటే. వెలుతురుకు పట్టి చూడాలి. పళ్ల కొసల మీద తెల్లటి మెరుపు గీత కనిపిస్తే మొద్దుబారినట్టే. పదునైన అంచు మెరవదు. పిడి దిగే తోక పట్టుకుని వేలాడదీసి మెల్లగా తడితే ఖంగుమనాలి. మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది. చవగ్గా వచ్చాయని నేనొకసారి కొన్న సన్న ఆకురాళ్ల సెట్టు ఇత్తడి మీదే జారిపోయింది. మెరుపు చూసి మోసపోయాను.

ఒకప్పుడు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఈ పళ్లన్నీ ఉలీ సుత్తీ పట్టుకుని ఒక్కొక్కటిగా కొట్టేవారు. కింద మెత్తగా ఉండాలని సీసం దిమ్మె వేసేవారు. ఆ సీసం విషమై పనివాళ్లను పట్టి పీడించింది. అమెరికాలో నికల్సన్ 1864లో యంత్రంతో పళ్లు కోసే కంపెనీ పెట్టాడు. మన దేశంలో మహారాష్ట్రలోని రత్నగిరి జేకే ఫైల్స్‌కు పెట్టింది పేరు. కంసాలి పనికి మాత్రం స్విట్జర్లాండ్‌లోని వాలోర్బ్ ఆకురాళ్లకు మంచి పేరుంది. వాటిలో ముతకవి 00తో మొదలై, నంబరు పెరిగేకొద్దీ సన్నబడతాయి. బంగారానికి వాడినదాన్ని జాగ్రత్తపరుడైన కంసాలి ఇత్తడికి తాకనివ్వడు. రాలిన రజనులో ఇత్తడి కలిస్తే నష్టం తనదే.

కొత్త ఆకురాతిని మొదట ఇత్తడి మీద కొన్నాళ్లు వాడి, ఆ తర్వాతే ఉక్కు మీద పెట్టడం పాత ఫిట్టర్ల పద్ధతి. నిజానికి ఆకురాళ్లు పనిలో కంటే పెట్టెలోనే ఎక్కువ చస్తాయి. ఒకదాని మీద ఒకటి పడేస్తే గట్టి పళ్లు గట్టి పళ్లనే విరగ్గొడతాయి. గుడ్డలో విడివిడిగా చుట్టండి, తడి తగలనివ్వకండి. మరో మాట. కొట్లో పిడి విడిగా అమ్ముతారు, అదీ అడిగి తీసుకోండి. ఆ నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని పిడి లేకుండా పట్టి, తోక అరచేతిలో దిగిన ఫిట్టర్లు చాలామంది ఉన్నారు.