పాత బంకు, ఊరి కరెంటు

రామగుండం, గోదావరిఖని మీదుగా సాగే రాజీవ్ రహదారి పక్కన పెట్రోల్ బంకు ఒక్క చమురు అమ్మకానికే పరిమితమైన చోటు కాదు. ఒకప్పటి బర్మా షెల్ బోర్డులు 1976 జాతీయీకరణ తర్వాత భారత్ పెట్రోలియం బోర్డులయ్యాయి. అంతకు రెండేళ్ల ముందే మరో చమురు కంపెనీ ఎస్సో హిందుస్థాన్ పెట్రోలియం అయింది.

ఆనాటి బంకుల్లోని పెట్రోల్ చేతిపంపు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఇనుప స్తంభం మీద రెండు గాజు పాత్రలుండేవి. పనివాడు పిడి ఆడిస్తే భూమిలోని ట్యాంకు నుంచి పెట్రోల్ పైకెక్కి ఒక పాత్ర నిండేది. అది గొట్టంలోంచి బండిలోకి దిగుతుండగా రెండోది నింపేవాడు. కొలత కొన్నవాడి కళ్లెదుటే ఉండేది, కరెంటు పోయినా పని ఆగేది కాదు. డిజిటల్ తెర వచ్చాక ఆ గాజు పాత్రలు పోయాయి కానీ కొలత చూసుకునే హక్కు పోలేదు. అనుమానం వస్తే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల పాత్రలో పోసి చూపించమనవచ్చు. అడిగేవారే తక్కువ.

2016 నవంబరులో నోట్ల రద్దు వేళ బంకే బ్యాంకైంది. పాత 500 నోటు డిసెంబరు 2 దాకా అక్కడ చెల్లింది. ఎంపిక చేసిన బంకుల్లో కార్డు గీకి రోజుకు 2,000 రూపాయల నగదు తీసుకునే వీలూ కల్పించారు.

బంకుల్లో గాలి మిషన్ పనిచేయదన్న గొడవ కొత్త కాదు. ఈ వారం ఒక పాత బంకులో అది బాగై, షిఫ్టు దిగిన కార్మికులు బండ్లకు గాలి పట్టించుకుంటూ కనిపించడం నిజంగా సంతోషం. గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వడం బంకు బాధ్యత.

విద్యుత్ వాహనాల ఛార్జింగ్ పాయింట్లు వస్తే పాత బంకు పని అయిపోయినట్టేనని బెంగపడేవారున్నారు. రామగుండంలో లెక్క వేరు. పెట్రోల్ ఎప్పుడూ బయటి సరుకే. కరెంటు మాత్రం ఊరిదే. 1983లో మొదటి యూనిట్ మొదలైన ఇక్కడి ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల కేంద్రం సింగరేణి బొగ్గుతో నడుస్తోంది. దాని జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం 2022 జులై నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. ఛార్జర్ పెడితే బంకు తొలిసారి ఊరి సరుకు అమ్ముతుంది. కాబట్టి పాత బంకులను మూయకుండా ఛార్జర్లు పెట్టాలి, గాలి మిషన్ మాత్రం తీయకూడదు.