మీగడరంగు తెలుపు కాదు: ఆన్‌లైన్ ప్రదర్శనలూ డిజిటల్ ప్రతులూ

కొన్నేళ్ల క్రితం అమెరికాలో ఒక తెలుగు సంఘం ఆన్‌లైన్ చిత్రప్రదర్శన నిర్వహించినప్పుడు, చిత్రాలను ఎంపిక చేసినవారిలో నేనూ ఒకడిని. శ్రీకాళహస్తి పద్ధతిలో చేసిన ఒక కలంకారీ వస్త్రాన్ని ‘అచ్చు అద్దకంలా ఉంది’ అని పక్కన పెట్టాం. ఆ మాట అన్నది నేనే. మచిలీపట్నం, పెడనల అచ్చు అద్దకం తక్కువదని నా ఉద్దేశం కాదు. కానీ మేము కోరింది చేతితో గీసిన చిత్రాలను. కొన్ని నెలల తరవాత అదే వస్త్రాన్ని చిత్రకారిణి ఇంట్లో, గోడమీద చూశాను. గుడ్డ మీగడరంగులో ఉంది. నల్లని గీత కలం ఆగినచోట చిక్కబడి, సాగినచోట పలచబడింది. అది చేతి గీత అని చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు. ఫొటోలో ఈ రెండూ లేవు.

ఆన్‌లైన్ ప్రదర్శనలో నిర్ణేతకు కనిపించేది డిజిటల్ ప్రతి మాత్రమే. ఆ ప్రతి ఎలా తయారైందో విచారించకుండా చిత్రం గురించి తీర్పు చెప్పడం విమర్శ అనిపించుకోదు.

కలంకారీకి గుడ్డను కరక్కాయ, పాల మిశ్రమంలో నానబెడతారు. ఆ లేత పసుపు అలంకారం కోసం పట్టించినది కాదు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం కరక్కాయలోని వగరు పదార్థంతో కలిసినప్పుడే గీత నల్లబడుతుంది. కెమెరాలోని ఆటోమేటిక్ వైట్ బ్యాలెన్స్‌కు ఇదంతా తెలియదు. ఫ్రేమంతా వెచ్చని ఛాయ పరుచుకొని ఉంటే, అది దీపకాంతి వల్ల వచ్చిందనుకొని తటస్థం చేయబోతుంది. గుడ్డ తెల్లబడుతుంది, ఎరుపు కొద్దిగా ఊదావైపు జరుగుతుంది. ఆపై కాంట్రాస్ట్ పెంచితే గీతలోని చిక్కదనం, పలచదనం రెండూ ఒకే నలుపవుతాయి. ఇక పరిమాణం సంగతి. రెండు మీటర్ల గుడ్డను 1,000 పిక్సెళ్లకు కుదిస్తే ఒక్కో పిక్సెల్ 2 మిల్లీమీటర్ల గుడ్డకు ప్రతినిధి. అంతకంటె సన్నని గీతకు అందులో చోటెక్కడ?

వైద్యవృత్తిలో గాయాన్ని ఫొటో తీసేటప్పుడు పక్కన కొలబద్ద పెడతాం. రంగు ముఖ్యమైనచోట రంగుల పట్టీ కూడా పెడతాం. ఫొటో అందంగా రావడం కోసం కాదు, చూడని వైద్యుడు కూడా దాన్ని నమ్మి నిర్ణయం తీసుకోగలగడం కోసం. చిత్రకారుడు పంపే ప్రతి కూడా అటువంటి సాక్ష్యమే.

దానికి కావలసిన పరికరాలు పెద్దవి కావు. 18 శాతం కాంతిని ప్రతిఫలించే బూడిదరంగు అట్టను చిత్రం పక్కన ఉంచి ఒక ఫొటో తీస్తే, వైట్ బ్యాలెన్స్‌ను దాన్నిబట్టి సరిచేయవచ్చు. ఒకే రకం దీపాలు రెండు, చెరోవైపు 45 డిగ్రీల కోణంలో ఉండాలి. కెమెరా చిత్రం మధ్యకు ఎదురుగా, దానికి సమాంతరంగా ఉండాలి. అసలు ఫైలును ‘రా’ లేదా ‘టిఫ్’ రూపంలో దాచుకొని, పంపవలసిన ‘జేపెగ్’ను దానినుంచే తయారుచేయాలి, జేపెగ్‌ను తెరిచి మార్చి భద్రపరచిన ప్రతిసారీ కొంత సమాచారం పోతుంది. రంగుల ప్రమాణం ‘ఎస్‌ఆర్‌జీబీ’ అయితే మేలు. ‘అడోబీ ఆర్‌జీబీ’లో పంపినదాన్ని ప్రొఫైల్ గుర్తించని తెర వెలసిపోయినట్టు చూపిస్తుంది. అంచులు కత్తిరించకుండా ఒక ఫొటో, కొలబద్దతో సహా దగ్గరనుంచి మరొకటి ఉండాలి.

తెరమీద మెరవడమూ ఒక గుణమే కదా అనేవారున్నారు. తెరకోసమే పుట్టిన చిత్రానికి అది నిజమే. గుడ్డమీద, కాగితంమీద పుట్టినదానికి తెర ఒక మజిలీ మాత్రమే. పైగా ఎంత నిజాయితీగా తీసిన ఫొటోకైనా హద్దుంది. అమెరికన్ చిత్రకారుడు ఆడ్ రైన్‌హార్ట్ 1960లలో వేసిన ఐదడుగుల చదరపు నల్లచిత్రాల్లో శిలువ ఆకారపు విభజన ఉంది. ఎదురుగా కాసేపు నిలబడితేగాని కన్ను దాన్ని పట్టుకోలేదు. ఫొటోలో చాలావరకు మిగిలేది నల్లని చతురస్రమే. ఈ హద్దును గుర్తుంచుకోవలసింది చిత్రకారుడికంటె ఎక్కువగా నిర్ణేత.

మా నియమావళిలో ఫైలు ఎన్ని మెగాబైట్లు దాటకూడదో ఉంది. రంగు సరిగా ఉందో లేదో ఎలా చూసుకోవాలో లేదు; గీతను దగ్గరనుంచి చూపించమన్న మాటా లేదు. ఆ చిత్రకారిణి నియమాలన్నీ పాటించారు. లోపం నియమాలది, వాటిని చాలుననుకున్న మాది. అచ్చు అద్దకం అనేముందు నేను ఆమెను ఇంకొక్క ఫొటో అడగవలసింది.