చారల అల్లం, ఏసీ నీళ్లు

కూరలోకో, పచ్చడిలోకో, కనీసం కషాయంలోకో రాని మొక్కకు నీళ్లు పోయడం దండగని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకే తెలుసు. మా ఇంటావిడ కడియం నర్సరీ నుంచి పసుపు చారల ఆల్పీనియా తెచ్చినప్పుడూ అదే అన్నాను. అల్లం వంశమే, నాటువైద్యుల దుంపరాష్ట్రకానికి దగ్గరి చుట్టమే. కానీ తెచ్చింది చూసుకోవడానికి.

ఈ వారం మాంచెస్టర్ నుంచి మా మేనల్లుడు వీడియోలో అదే మొక్క చూపించాడు. అద్దాల గది, అందులో హీటరు. "శీతాకాలం రాత్రిళ్లు పది డిగ్రీలకు తగ్గనివ్వను మావయ్యా" అన్నాడు. "కరెంటు బిల్లు ఎందుకురా, మా రెంటచింతల ఎండ పార్సిల్ చేస్తాను" అని నవ్వాను. "సరే, మీ మొక్క చూపించండి" అన్నాడు.

చూపించడానికి మొహం చెల్లలేదు, ఆకులు పాలిపోయాయి. ఎండదెబ్బ అనుకుని వేపచెట్టు కిందికి, ఆ పైన గ్రీన్‌నెట్ కిందికి, చివరికి వరండాలోకి మార్చాను. డెల్టాలో మా అమ్మమ్మగారి ఊరి తమలపాకు తోట గుర్తుపెట్టుకునే ఈ తిప్పలు. రోహిణి కార్తెలో అందులోకి అడుగుపెడితే దిగుడుబావిలోకి దిగినట్టుండేది. వరసగా అవిసె చెట్లు, వాటిని పట్టుకుని పాకిన తీగలు, నడుమ కాలవల్లో నీళ్లు. చలికాలం అవిసె కొమ్మలు నరికి ఎండ రానిచ్చేవాళ్లు, ఎండాకాలం వాటి జోలికి పోయేవాళ్లు కాదు. అద్దాల గది గొప్పేమిటి, మనవాళ్లు చెట్లతోనే కట్టారని ఈ కాలమ్ ముగిద్దామనుకున్నాను.

చివరికి మొక్క చూపించాక మేనల్లుడు అలా ముగించనివ్వలేదు. "ఎండకైతే అంచులు మాడతాయి మావయ్యా. ఇవి కొత్తాకులు, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోయాయి. ఏ నీళ్లు పోస్తున్నారు?"

బోరు నీళ్లు. పిడుగురాళ్ల బట్టీల్లో సున్నమయ్యే రాయే మా కాళ్ల కింద కూడా ఉంది. బకెట్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుమున్నా వేళ్లకు అందదు. వేరుశనగకు ఇదే తెగులొస్తే లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టమని పక్కవాడికి నేనే చెప్పినవాణ్ణి. పచ్చటి మొక్కయితే వారంలో పట్టేసేవాణ్ణి. దీనికి పుట్టుకతోనే పసుపాయె! చారలు ఈమధ్య భలే తేలాయని మురిశాను కూడా.

పిచికారీ అయింది. వానలు పడేదాకా సున్నం లేని నీళ్లు కావాలంటే ఇంట్లో ఒక్కటే దారి: ఏసీ గొట్టం కింద బకెట్. మన పొడి ఎండల్లో అది నిండడానికి యుగం పడుతుంది. నిన్న మధ్యాహ్నం మనిషి లేని గదిలో ఏసీ ఆడుతుంటే ఇంటావిడ చూసి కట్టేసింది. అప్పటికి బకెట్ సగమే నిండింది.