ఇచ్చిన కార్డు తిరిగి రావాలి

కంప్యూటర్‌లో లినక్స్‌ను ప్రధాన వ్యవస్థగా ఉంచుకొని, దాని లోపల సాఫ్ట్‌వేర్‌తో కల్పించిన మరో కంప్యూటర్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌లో, విండోస్‌ను నడిపిస్తూ, ఆ విండోస్‌కు ఉత్తుత్తి తెర బదులు నిజమైన గ్రాఫిక్స్ కార్డునే పూర్తిగా అప్పగించే పద్ధతిని పాస్‌త్రూ అంటారు. డేటా కేంద్రాల్లో ఇది రోజువారీ వ్యవహారం. ఒకే యంత్రంలో ఉన్న పలు కార్డులను వేర్వేరు అద్దెదారులకు పంచడానికి క్లౌడ్ సంస్థలు ఇటువంటి ఏర్పాటు మీదనే ఆధారపడతాయి. ఇళ్లలో, చిన్న దుకాణాల్లో దీన్ని ప్రయత్నించేవారు మాత్రం తెర మీద మొదటిసారి విండోస్ కనిపించగానే పరీక్ష అయిపోయిందనుకొని సంబరపడతారు. నిజానికి కార్డును ఇవ్వడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. ఇచ్చిన కార్డును మళ్లీ పనికొచ్చే స్థితిలో వెనక్కి పుచ్చుకోవడంలోనే చిక్కంతా ఉంది, పరీక్ష కూడా దాని మీదనే సాగాలి.

సిద్దిపేట జిల్లా తొగుట వంటి మండల కేంద్రానికి దీనితో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. తెలుగునాట మండల కేంద్రాల్లో కంప్యూటర్ మీద బతికే దుకాణాలను లెక్కపెడితే మీసేవ, జిరాక్స్ పోను మిగిలేవి ప్రధానంగా డీటీపీ సెంటర్లు, ఫొటో స్టూడియోలు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు దశాబ్దాలుగా విండోస్ మీద, అను ఫాంట్లలో, పేజ్‌మేకర్, ఫొటోషాప్‌లలో తయారవుతూ వచ్చాయి; ఆ ఫాంట్లు యూనికోడ్‌కు ముందు కాలపు అమరికలో ఉన్నవి కనుక, అవి లేని చోట పాత ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు ప్రత్యక్షమవుతాయి. స్వేచ్ఛ సంస్థ తెలుగులో మెనూలు కనిపించే లినక్స్‌ను సిద్ధం చేసి పెట్టినా, ఆ పాత ఫైళ్ల గుట్టను వదులుకొని లినక్స్‌కు మారడం డీటీపీ సెంటర్‌కు కుదిరే పని కాదు.

అయితే అక్షరాలు కూర్చడానికి పాస్‌త్రూ అక్కర్లేదు. వర్చువల్ మెషీన్‌లో సాఫ్ట్‌వేర్ కల్పించే మామూలు తెర పేజ్‌మేకర్‌కు ధారాళంగా సరిపోతుంది, ఆ పని కోసం రెండో కార్డు కొనమని చెప్పేవారి మాట వినకపోవడం మంచిది. గంటల నిడివి గల పెళ్లి వీడియోను కత్తిరించి, రంగులు దిద్ది, చివరికి ఒక్క ఫైలుగా బయటికి తీసే స్టూడియోకు మాత్రం కార్డు లేకపోతే పని సాగదు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లినక్స్‌లోనూ దొరుకుతుంది గానీ, దాని ఉచిత రూపం లినక్స్ మీద హెచ్.264 వీడియోను తెరవకపోవడం వాడుకరులకు పాత ఫిర్యాదే. కెమెరాలు ఎక్కువగా రాసేది ఆ రూపంలోనే కావడంతో, లినక్స్‌ను ఇష్టపడే ఎడిటర్ కూడా ఈ పని దగ్గరికి వచ్చేసరికి తరచు విండోస్ గడప తొక్కాల్సి వస్తుంది.

ఈ ఏర్పాటుకు ఆధారమైన పరికరాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. ఒక కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో అనుకరించే క్యూఎంయూ అనే కార్యక్రమాన్ని ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో విడుదల చేయగా, ప్రాసెసర్‌లోనే ఉన్న వర్చువల్ సదుపాయాన్ని లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌కు అందించే కేవీఎంను ఆవీ కివిటీ బృందం రాసింది. అది 2007లో కెర్నెల్‌లో భాగమైంది. నిజమైన పరికరాన్ని వర్చువల్ మెషీన్‌కు భద్రంగా అప్పగించే వీఎఫ్ఐఓ అనే భాగం, రెడ్ హ్యాట్‌లో పనిచేసిన అలెక్స్ విలియమ్సన్ కృషితో, 2012లో వచ్చిన 3.6 కెర్నెల్‌లో చేరింది.

భద్రంగా అన్న మాటకు ఇక్కడ కచ్చితమైన అర్థం ఉంది. గ్రాఫిక్స్ కార్డు తనకు కావలసిన సమాచారాన్ని ప్రాసెసర్‌ను అడగకుండా నేరుగా మెమరీలోంచి చదువుకుంటుంది, అందులోకే రాస్తుంది. వర్చువల్ మెషీన్‌లోని విండోస్ తన మెమరీ సున్నా నుంచి మొదలవుతుందని నమ్మి కార్డుకు చిరునామాలు ఇస్తుంది. ఆ మెమరీ నిజంగా ఉండేది మరెక్కడో. కార్డు ఆ చిరునామాలను యథాతథంగా పాటిస్తే లినక్స్ సొంత మెమరీని తుడిచిపెట్టేస్తుంది. దీన్ని ఆపడానికి కార్డుకూ మెమరీకీ మధ్య నిలబడి ప్రతి చిరునామాను మార్చి, అనుమతి లేనిదాన్ని తోసిపుచ్చే హార్డ్‌వేర్ భాగమే ఐఓఎంఎంయూ. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అని, ఏఎండీ తన యంత్రాల్లో ఏఎండీ-వీఐ అని పిలుస్తాయి. బయోస్‌లో మామూలు వర్చువల్ సదుపాయానికి ఒక మీట, దీనికి మరో మీట ఉంటాయి. మొదటిదాన్ని మాత్రమే వేసి, వర్చువల్ మెషీన్ నడుస్తున్నా కార్డు ఎందుకు వెళ్లడం లేదని తల పట్టుకునేవారు కోకొల్లలు.

కెర్నెల్ పరికరాలన్నిటినీ ఐఓఎంఎంయూ గుంపులుగా విభజిస్తుంది, అప్పగింత జరిగితే గుంపు మొత్తానికీ జరగాలి. ఈ నియమాన్ని తొగుట రైతుకు వివరించడం తేలిక. వేములఘాట్ మొదలైన గ్రామాలను ముంచి కట్టిన 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం ఈ మండలంలోనే ఉంది. ఒకే తూము కింద ఉండి, గెట్టు మీదుగా మడి నుంచి మడికి నీళ్లు పారే పొలాల్లో, ఒక్క మడికి మాత్రమే నీళ్లు కట్టేస్తానంటే తూము దగ్గర కూర్చున్నవాడి వల్ల కాదు, ఎందుకంటే ఆ నీళ్లు మళ్లీ తూము దాకా రాకుండానే పక్క మడిలోకి దిగుతాయి. ఒకే గుంపులోని పరికరాలు కూడా ఐఓఎంఎంయూ దాకా రాకుండానే తమలో తాము మాట్లాడుకోగలవు కనుక, వాటిని విడదీసి ఇస్తే కాపలాకు అర్థం ఉండదు.

చవక మదర్‌బోర్డుల్లో అసలు ఇబ్బంది ఇక్కడే తలెత్తుతుంది. ప్రాసెసర్‌కు నేరుగా కలిసే మొదటి స్లాటు తరచు విడిగా ఉంటుంది గానీ, చిప్‌సెట్ ద్వారా కలిసే రెండో స్లాటు నెట్‌వర్క్, సాటా, యూఎస్‌బీ పరికరాలతో కలిసి ఒకే గుంపులో పడుతుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లి భాగాలు కొనుక్కొనేవారికి డబ్బా మీద ఈ గుంపుల సంగతి అచ్చువేసి కనిపించదు. అక్కడ మరో ఉచ్చు కూడా ఉంది. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరమున్న ప్రాసెసర్ కొంత చవకగా వస్తుంది, కానీ దానిలో గ్రాఫిక్స్ ఉండదు. ఉన్న ఒక్క కార్డునూ విండోస్‌కు ఇచ్చేస్తే లినక్స్‌కు తెరే మిగలదు. గుంపులను బలవంతంగా చీల్చి చూపించే ఏసీఎస్ ఓవర్‌రైడ్ అనే ప్యాచ్ ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని ప్రధాన కెర్నెల్‌లోకి తీసుకోలేదు, తీసుకోకపోవడమే న్యాయం. పరికరాల మధ్య లేని గోడ ఉన్నట్టు అది కెర్నెల్‌ను నమ్మిస్తుంది. సొంత యంత్రంలో తెలిసి వాడుకుంటే వాడుకోవచ్చు గానీ, పరాయివారి ఫైళ్లు దాచే యంత్రంలో దానికి చోటు ఉండకూడదు.

అప్పగింత పని పరికరపు సంఖ్యతో మొదలవుతుంది. మదర్‌బోర్డు స్లాట్లను కలిపే పీసీఐ అనే దారి మీది ప్రతి పరికరానికీ తయారీదారు సంఖ్య ఒకటి, పరికర సంఖ్య ఒకటి ఉంటాయి. ఏఎండీ కార్డులకు తయారీదారు సంఖ్య 1002. ఇంటెల్ తనకు 8086ను ఎంచుకుంది, 1978 నాటి తన ప్రాసెసర్ పేరును తన పరికరాల్లో చెక్కుకున్న ఆ ముచ్చట ఇంజనీర్లకే చెల్లింది. ఒకే కార్డులో చిత్రానికి ఒకటి, హెచ్‌డీఎంఐ ధ్వనికి ఒకటి చొప్పున కనీసం రెండు పరికరాలు కనిపిస్తాయి. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 20 శ్రేణిలోని అనేక కార్డుల్లో యూఎస్‌బీకి సంబంధించినవి మరో రెండు తోడవుతాయి. వీటన్నిటినీ, లినక్స్ సొంత డ్రైవర్లు పట్టుకోకముందే, బూట్ ఆరంభంలోనే వీఎఫ్ఐఓ చేతిలో పెట్టాలి. వర్చువల్ మెషీన్‌కు కేటాయించిన మెమరీ కూడా ఇక కదలకూడదు. కార్డు ఏ క్షణాన ఏ మూలను చదువుతుందో ముందుగా తెలియదు కనుక, 8 జీబీ కేటాయిస్తే ఆ 8 జీబీ మొదటి క్షణం నుంచే మేకు కొట్టినట్టు బిగుసుకుంటుంది, 16 జీబీ యంత్రంలో లినక్స్‌కు మిగిలేది సగమే.

కొన్నేళ్ల పాటు ఎన్‌విడియా కార్డు వాడినవారికి ఇంకో అడ్డంకి ఉండేది. కంపెనీ డ్రైవర్ తాను వర్చువల్ మెషీన్‌లో ఉన్నట్టు పసిగట్టగానే విండోస్‌లో 43వ నంబరు లోపం చూపి పని మానేసేది, వాడుకరులేమో వర్చువల్ మెషీన్ ఆనవాళ్లను దాచి దాన్ని ఏమార్చేవారు. 2021లో 465వ శ్రేణి డ్రైవర్‌తో జీఫోర్స్ కార్డులకు కంపెనీయే ఈ వాడకాన్ని అనుమతించింది. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేకుండా కేవలం వ్యాపార నిర్ణయం వల్ల అన్నేళ్లు సాగిన దాగుడుమూతలు అవి.

ఇక తిరిగి పుచ్చుకోవడం. విండోస్ ఆగినప్పుడు కార్డును కొత్తగా కరెంటు ఇచ్చినప్పటి స్థితికి తేవాలి, దీన్నే రీసెట్ అంటారు. పరికరం ఒక్కటే తనంతట తాను రీసెట్ అయ్యే పద్ధతి కార్డులో ఉంటే మేలు; లేకపోతే అది ఉన్న దారి మొత్తాన్ని రీసెట్ చేయాల్సి వస్తుంది. ఏఎండీ పొలారిస్, వేగా, తొలి నావీ తరాల కార్డుల్లో ఎన్నో ఈ రెండో పద్ధతికి సరిగా స్పందించక పేరు పోగొట్టుకున్నాయి. మొదటిసారి విండోస్ చక్కగా వస్తుంది, ఆపి మళ్లీ మొదలుపెడితే తెర నల్లగా ఉండిపోతుంది, వర్చువల్ మెషీన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్ మాత్రం పీసీఐ హెడర్ రకం 127 తనకు తెలియదని ఒక ముక్క చెప్పి ఊరుకుంటుంది.

ఆ 127 ఎక్కడి నుంచి వచ్చిందో విప్పి చూస్తే కార్డు పరిస్థితి అర్థమవుతుంది. ప్రతి పీసీఐ పరికరం తన రకాన్ని ఎనిమిది బిట్ల గదిలో రాసి ఉంచుతుంది; పై బిట్ ఆ పరికరానికి ఒకటికి మించి విభాగాలు ఉన్నాయో లేవో చెబుతుంది, మిగిలిన ఏడు బిట్లు రకాన్ని తెలుపుతాయి, గ్రాఫిక్స్ కార్డుకు ఆ రకం సున్నా. అడిగిన ప్రశ్నకు పరికరం బదులే ఇవ్వకపోతే ఆ దారిలో ప్రతి బిట్టూ ఒకటిగానే చదవబడుతుంది. ఎనిమిది ఒకట్లు 255. పై బిట్‌ను పక్కన పెడితే ఏడు ఒకట్లు, అంటే 127. కాబట్టి ఆ సంఖ్య ఏ రకాన్నీ సూచించదు, కార్డు మూగబోయిందని మాత్రమే తెలుపుతుంది. అటువంటప్పుడు వర్చువల్ మెషీన్ అమరికలను ఎంత మార్చినా ఫలితం ఉండదు; చాలాసార్లు కంప్యూటర్ మొత్తాన్ని ఆపి మళ్లీ వేయడమే దారి. కొన్ని ఏఎండీ తరాలకు ప్రత్యేకంగా రీసెట్ క్రమాన్ని నేర్పే వెండర్-రీసెట్ అనే కెర్నెల్ మాడ్యూల్‌ను ఔత్సాహికులు రాశారు, అది పట్టిక వేసుకున్న కార్డులకే పనిచేస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్డు కొనేవారు ధర కంటే ముందు ఆ తరం పేరు కనుక్కోవాలి.

పరీక్ష క్రమం దీన్ని బట్టే ఏర్పడుతుంది. విండోస్ లోపలి నుంచి రీస్టార్ట్ చేస్తే క్యూఎంయూ బతికే ఉంటుంది. షట్ డౌన్ చేసి మళ్లీ మొదలుపెడితే అది ముగిసి కార్డు వీఎఫ్ఐఓ చేతికి తిరిగి వస్తుంది. బయటి నుంచి బలవంతంగా ఆపితే విండోస్ డ్రైవర్‌కు కార్డును సర్దిపెట్టే వ్యవధి ఉండదు. మూడూ వేర్వేరు దారులు, ఒక దాంట్లో నెగ్గిన కార్డు మరో దాంట్లో చతికిలపడగలదు. అప్‌డేట్ అయ్యాక విండోస్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది కనుక మొదటి దారిని తప్పించుకోలేరు. ఆ తర్వాత వీడియో ఎగుమతిని పెట్టి, పని సాగుతున్నంతసేపూ లినక్స్ కెర్నెల్ లాగ్‌ను తెరిచి ఉంచాలి. ఐఓఎంఎంయూ ఫాల్ట్ అన్న వరుస కనిపిస్తే కార్డు తనది కాని చిరునామాకు చెయ్యి చాపిందని, కాపలా దాన్ని ఆపిందని అర్థం. చిత్రం బాగున్నా ధ్వని గరగరమంటే ప్రాసెసర్ కోర్ల కోసం లినక్స్, విండోస్ పెనుగులాడుతున్నాయేమో చూసి, విండోస్‌కు కొన్ని కోర్లను విడిగా కేటాయించాలి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే చోట ఈ పరీక్షను తెల్లవారుజామున చేసి సరే అనుకోవడం తనను తాను మోసగించుకోవడమే; కింది స్లాటులో ఇరుకుగా కూర్చున్న కార్డు మధ్యాహ్నం రెండు గంటలకు ఎంత వేడెక్కుతుందో అప్పుడే చూడాలి.

చివరి పరీక్ష కరెంటుది. మామూలు వర్చువల్ మెషీన్‌ను నడుస్తున్న స్థితిలోనే డిస్కు మీదికి దాచి తర్వాత లేపవచ్చు, కానీ కార్డును అప్పగించాక ఆ సదుపాయం పోతుంది, ఎందుకంటే ఇటువంటి మామూలు గ్రాఫిక్స్ కార్డుల లోపలి స్థితిని దాచే మార్గం లినక్స్ దగ్గర లేదు. కొన్ని లినక్స్ పంపిణీల్లో కంప్యూటర్ ఆగేటప్పుడు వర్చువల్ మెషీన్లను ఇలా దాచే ప్రయత్నమే మొదటి అమరికగా ఉంటుంది. పాస్‌త్రూ ఉన్న యంత్రంలో అది విఫలమవుతుంది కనుక దాన్ని షట్ డౌన్‌గా మార్చాలి. డీటీపీ దుకాణాల్లో సాధారణంగా కనిపించే 600 వీఏ యూపీఎస్ రెండు కార్డుల యంత్రాన్ని, అదీ ఎగుమతి మధ్యలో, ఎంతసేపు మోస్తుందో ప్లగ్ పీకి చూస్తే తప్ప తెలియదు. అలా చూసి, విండోస్ పూర్తిగా ఆగడానికి పట్టే సమయం కంటే ఎక్కువగా, యూపీఎస్ నిలిచే సమయం కంటే తక్కువగా ఉండేలా లినక్స్ వేచి ఉండే గడువును నిర్ణయించాలి. ఆ రెండింటి మధ్య చోటే లేకపోతే పెద్ద యూపీఎస్ కొనేదాకా కార్డును లినక్స్‌లోనే ఉంచుకోవాలి.