పొగ తగలకుండా ఆకును పండించే గొట్టం

అశ్వారావుపేట దాటి జీలుగుమిల్లి వైపు వెళ్తుంటే పామాయిల్ తోటలు, జామాయిల్ తోపుల మధ్య అక్కడక్కడా కిటికీల్లేని ఎత్తయిన గదులు కనిపిస్తాయి. అవి పొగాకు ఆరబెట్టే బ్యారన్లు. పొగాకు మీద నాకు మోజేమీ లేదు. ఆ పంట తాగేవాడికి మంచిది కాదు, అడవికీ మంచి చేయలేదు. కానీ ఆ గదిలో నేల మీద పరిచిన గొట్టాల పనితనం మాత్రం చూసి తీరాలి. ఇంటిని వెచ్చబెట్టుకునేంత చలి మనకు లేదు కాబట్టి చిమ్నీ విద్య మనకు పెద్దగా అబ్బలేదు. మన రైతుకు ఆ విద్య ఒంటబట్టింది ఈ బ్యారన్ దగ్గరే.

చిక్కు ఏమిటంటే, పచ్చి వర్జీనియా పొగాకుకు వేడి కావాలి గానీ పొగ తగలకూడదు. తగిలితే రంగు, వాసన చెడి వేలంలో ధర పడిపోతుంది. అందుకే పొయ్యి నోరు గోడ బయటికి ఉంటుంది. మంట వేసే మనిషి బయట నిలబడే కట్టె తోస్తాడు. పొయ్యి లోపల ఇటుక పేర్చి మట్టి మెత్తుతారు. అక్కడి నుంచి వేడి పొగ ఇనుప రేకు గొట్టంలోకి దూరి, గది మధ్యగా వెనక గోడ దాకా వెళ్లి, రెండుగా చీలి, పక్క గోడల వెంట మళ్లీ ముందుకు వచ్చి చిమ్నీల్లోంచి బయటపడుతుంది. ఎందుకింత తిప్పడం? పొగ తనలోని వేడిని వీలైనంత గదిలో దించేసి పోవాలని. చిమ్నీలు ముందు వైపే ఉండటంలో ఒక సౌకర్యం ఉంది. కట్టె వేసేవాడు తలెత్తి చూస్తే చాలు, పొగ రంగును బట్టి మంట ఎలా ఉందో తెలిసిపోతుంది.

గొట్టాలన్నీ ఒకే మందం రేకుతో చేస్తే పని తెలియని మేస్త్రీ అన్నట్టే. పొయ్యిని ఆనుకున్న మొదటి గొట్టానికి మంట నేరుగా తగులుతుంది. అది మందంగా లేకపోతే ఎర్రగా కాలి పొరలుగా రాలిపోతుంది. ముందుకు పోయేకొద్దీ పలుచని రేకు సరిపోతుంది, వేడినీ తొందరగా వదులుతుంది. పొయ్యి నుంచి చిమ్నీ దాకా గొట్టం కొద్దికొద్దిగా ఎత్తుకు పోవాలి. ఎక్కడైనా కుంగిందా, పొగ అక్కడ తటపటాయించి పొయ్యి నోట్లోంచి వెనక్కి తన్నుతుంది. గొట్టాన్ని గొట్టంలో దూర్చి, సందులను బంకమట్టితో మూస్తారు. అసలు పరీక్ష ఆకు ఎక్కించక ముందే ఉంటుంది. పచ్చి రొట్ట వేసి బాగా పొగ పెట్టి, లోపల చీకట్లో నిలబడి ఎక్కడైనా పొగ కారుతోందేమో చూస్తారు. కారితే మళ్లీ మట్టి. గొట్టాల పైన ఇనుప జల్లెడ పరుస్తారు. ఆకు కట్టి వేలాడదీసిన కర్రల మీంచి ఎండుటాకు ఒక్కటి జారి కాలే గొట్టం మీద పడితే బ్యారన్ మొత్తం బూడిదే.

ఆ తర్వాత అయిదారు రోజులు కాపలా. మొదట ఫారన్‌హీట్‌లో 95 డిగ్రీల దరిదాపుల్లో ఉంచి ఆకును పసుపు రంగుకు తెస్తారు. 120 దాటించి రంగు నిలబెడతారు. చివరికి 160 దాకా తీసుకెళ్లి ఈనె ఎండబెడతారు. తడి గాలి పోవడానికి కిందా పైనా వెంటిలేటర్లు వేరే ఉంటాయి. పొగ దారి వేరు, ఆవిరి దారి వేరు.

ఈ పనితనం విలువ అమెరికా రైతులకు ఆలస్యంగా తెలిసింది. 1970ల తర్వాత అక్కడ చాలామంది కట్టెలూ ఆయిలూ మానేసి గ్యాస్‌కు మారారు. గ్యాస్ శుభ్రంగా మండుతుంది కదా అని గొట్టాలు తీసేసి, మండిన గాలిని నేరుగా ఆకు మీదికి వదిలారు. ఆ గాలిలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఆకుతో కలిసి క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లను పెంచుతున్నాయని తేలింది. 2000 ప్రాంతంలో బ్యారన్లన్నిటికీ హీట్ ఎక్స్‌ఛేంజర్లు బిగించుకోవలసి వచ్చింది. అంటే, తీసేసిన గొట్టాన్నే మరో రూపంలో తెచ్చి పెట్టుకున్నారు.

కంటికి పొగ కనిపించనంత మాత్రాన గ్యాస్‌కు చిమ్నీ అక్కర్లేదనుకోవడం పొరపాటు. మన ఇంటి 14.2 కిలోల సిలిండర్ మొత్తం కాలితే ఇరవై లీటర్లకు పైగా నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. ఇంగ్లండులో పాత బొగ్గు చిమ్నీలకు గ్యాస్ హీటర్లు తగిలించినప్పుడు ఆ ఆవిరి వెడల్పాటి ఇటుక గొట్టంలో చల్లబడి, నీరుగా మారి సున్నాన్ని తినేసింది. అందుకే ఇప్పుడు హీటరుకు తగ్గ కొలతలో స్టీలు గొట్టాన్ని చిమ్నీ లోపలికి దించుతారు. గొట్టం మరీ వెడల్పయితే పొగ చల్లారి లేవదు, మరీ ఇరుకయితే పట్టదు. మన బ్యారన్ మేస్త్రీకి ఈ లెక్క చేతి అలవాటు.

మన ఊళ్లలో మాత్రం గ్యాస్ గీజర్‌ను తలుపు మూసిన స్నానాల గదిలోనే బిగించేస్తున్నారు. గాలి చాలక మంట సగం మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. మీ ఇంట్లో అలాంటి గీజరుంటే దాన్ని గది బయట పెట్టించండి, లేదా దాని పొగ గొట్టం గోడ దాటి బయటికి పోయేలా చూడండి. ఈ చలికాలం వచ్చేలోపే ఆ పని చేయించండి.