మలయ్ బైబిల్‌లో ఎలోహీం

2008 మే 11న ఇండోనేషియా నుంచి సెపాంగ్ విమానాశ్రయంలో దిగిన సరవాక్ మహిళ జిల్ ఐర్లండ్ లారెన్స్ బిల్ దగ్గరున్న ఎనిమిది సీడీలను మలేసియా అధికారులు స్వాధీనం చేసుకున్నారు. అవి క్రైస్తవ బోధల సీడీలు. వాటి మీద ‘అల్లాహ్’ అన్న పదం ఉండడమే అభ్యంతరం. ముస్లిమేతరుల ప్రచురణల్లో అల్లాహ్, కాబా, బైతుల్లా, సొలాత్ అన్న నాలుగు పదాలు ఉండరాదని 1986లోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అదే పదం మీద కేథలిక్ వారపత్రిక ‘హెరాల్డ్’ కూడా కోర్టుకెక్కింది. 2009 డిసెంబరు 31న హైకోర్టు పత్రిక పక్షాన తీర్పిచ్చింది. 2013 అక్టోబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. 2014 జూన్‌లో ఫెడరల్ కోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి, తదుపరి అప్పీలుకు అనుమతి నిరాకరించింది.

ఈ వివాదం మీద వచ్చిన వ్యాఖ్యానంలో అధికభాగం రాజ్యాంగం చుట్టూ, ఓట్ల చుట్టూ తిరిగింది. కానీ దాని మూలంలో ఉన్నది ఒక అనువాద సమస్య. హీబ్రూ గ్రంథంలోని దేవుణ్ణి మలయ్‌లో ఏ పేరుతో పిలవాలి? క్రైస్తవుల బైబిల్‌లో ఇంచుమించు మూడొంతులు యూదుల పవిత్ర గ్రంథమే. అందువల్ల ఈ ప్రశ్నకు జవాబు వెతకవలసింది ముందుగా హీబ్రూలో. ఇరుపక్షాల వాదాల్లోనూ అది వెనకబడిపోయింది.

మలయ్ క్రైస్తవ గ్రంథాలలో ‘అల్లాహ్’ నిన్నమొన్నటిది కాదు. డచ్ వర్తకుడు రౌల్ 1612లో అనువదించగా 1629లో అచ్చయిన మత్తయి సువార్తలోనే ఆ పదం ఉంది. 1733లో వెలువడిన లైడెకర్ సంపూర్ణ బైబిల్ కూడా అదే బాట పట్టింది. క్రైస్తవపక్షం ప్రధానంగా ఈ ప్రాచీనతనే ముందుకు తెచ్చింది. అది బలమైన వాదమే కానీ సరిపోయే వాదం కాదు. నాలుగు వందల ఏళ్ళుగా జరుగుతున్న పొరపాటు కూడా పొరపాటే గదా అని ఎదుటివారు అనవచ్చు, అన్నారు కూడా.

పాఠాన్ని దగ్గరగా చూస్తే ఆ ఎదురు వాదానికి కొంత ఆధారం దొరుకుతుంది. ఇండోనేషియా బైబిల్ సంఘం 1974లో వెలువరించిన అనువాదం మలేసియాలోనూ విస్తృతంగా చదవబడుతోంది. అందులో హీబ్రూ ‘ఎలోహీం’కు ‘అల్లాహ్’ అనీ, యూదులు పలకని చతురక్షర నామానికి పెద్దక్షరాలలో ‘తుహాన్’ అనీ వాడారు. ఈ రెండవది చక్కని నిర్ణయం. ఆ నామం వచ్చిన చోట ‘అదొనాయ్’ (ప్రభువు) అని చదువుకునే యూదు సంప్రదాయం మలయ్ పుటల మీద అచ్చక్షరంగా నిలిచింది. చిక్కు మొదటిదానితో వచ్చింది. ఎలోహీం హీబ్రూలో జాతివాచకం కూడా. ఇశ్రాయేలు దేవుడికీ, అన్యుల దేవుళ్ళకూ అదే మాట. పది ఆజ్ఞల మొదట నిషేధించిన ‘ఇతర దేవుళ్ళు’ కూడా ఎలోహీమే. అక్కడ మలయ్ అనువాదకులు చిన్న ‘ఎ’తో ‘అల్లాహ్’ అని రాశారు. బహువచనమే లేని పేరుగా ఆ పదాన్ని ఎరిగిన ముస్లిం పాఠకుడికి ఇది ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అరబ్బీ క్రైస్తవుల వాన్ డైక్ బైబిల్ అదే చోట ‘ఇలాహ్’కు బహువచనమైన ‘ఆలిహా’ను వాడింది. పైగా పెద్దక్షరం, చిన్నక్షరం అన్న తేడా రోమన్ లిపిలోనే సాధ్యం. అరబ్బీ అక్షరాల జావీలో అది కనపడదు. చర్చిలో చదివితే వినపడదు.

అయితే ఈ లోపం పదం వాడిన తీరుదే కానీ పదానిది కాదు. ఆ మాట చెప్పేది హీబ్రూ బైబిలే. దానియేలు, ఎజ్రా గ్రంథాలలో కొన్ని అధ్యాయాలు అరమాయిక్ భాషలో ఉన్నాయి. అక్కడ ఇశ్రాయేలు దేవుడు ‘ఎలాహ్’. అరబ్బీ ‘ఇలాహ్’కు అది తోబుట్టువు. బందీలుగా వెళ్ళిన యూదులు పాలకుల భాషలోని పదంతో తమ దేవుణ్ణి పిలవడానికి వెనుకాడలేదన్నమాట. పదో శతాబ్దంలో సాదియా గావోన్, ఆనాటి యూదు పండితులలో అగ్రగణ్యుడు, తోరాను అరబ్బీలోకి తెచ్చినపుడు నిస్సంకోచంగా ‘అల్లాహ్’ అనే రాశాడు. హీబ్రూ పవిత్రతను ఆయనకంటె ఎక్కువగా కాపాడగలమని ఎవరనగలరు?

అనేవారు ఉన్నారు, అదీ క్రైస్తవులలోనే. ఇండోనేషియాలో హీబ్రూ మూలాలకు మరలాలనే ఒక వర్గం ‘అల్లాహ్’ను పూర్తిగా తొలగించి హీబ్రూ నామాలు చొప్పించిన బైబిల్ ప్రతులను వెలువరించింది. ఆ పదం మాది, మీరు వాడరాదన్న వాదమూ, ఆ పదం వారిది, మనకు వద్దన్న వాదమూ చివరికి ఒకే తీర్మానానికి చేరతాయి. క్రైస్తవంలోని యూదు వారసత్వాన్ని గౌరవించడం అవసరమే. కాని కొన్ని ధ్వనులను అరువు తెచ్చుకోవడంతో ఆ గౌరవం తీరదు. ఇందుకు తెలుగులో మంచి ఉదాహరణ ఉంది. మన బైబిల్‌లోని ‘యెహోవా’, చతురక్షర నామపు హల్లులకు ‘అదొనాయ్’ అచ్చులు తగిలించగా పుట్టిన రూపం. యూదులు దాన్ని పలకరు. ప్రాచీన హీబ్రూలూ అలా పలికి ఉండరు. ఎలోహీంకు పెట్టిన ‘దేవుడు’ మాత్రం ఊరందరి మాట, గుడిలోనూ చర్చిలోనూ వినపడేది. దాని మీద ఎవరూ కోర్టుకెళ్ళలేదు.

అప్పీలు కోర్టు 2013లో, ‘అల్లాహ్’ వాడకం క్రైస్తవ విశ్వాసంలోనూ ఆచరణలోనూ విడదీయరాని భాగం కాదన్నది. ఈ కొలతకు ఏ అనువాదమూ నిలవదు. ‘దేవుడు’ నిలవదు, ఇంగ్లీషు ‘గాడ్’ నిలవదు. అనువాదంతోనే వ్యాపించిన మతంలో ప్రశ్న ఒక శబ్దం అనివార్యమా అన్నది కాదు. ఆ ప్రజకు ప్రార్థించడానికి వేరే భాష ఉన్నదా అన్నది. 2020 జనగణన ప్రకారం మలేసియాలో క్రైస్తవులు 9.1 శాతం. వారిలో ఎక్కువమంది సబా, సరవాక్ రాష్ట్రాలవారు. వేర్వేరు తెగల మాటలు మాట్లాడే వీరిని ఒక ఆరాధనలో కలిపేది మలయ్. ఇబాన్ తెగకు ‘పెతారా’ అనే సొంత మాట ఉంది. సంస్కృత ‘భట్టార’ నుంచి వచ్చిందంటారు. అయినా వారి బైబిల్ ‘అల్లాహ్ తాలా’ అన్నది. ఆ కారణంగానే 2003లో దాన్ని నిషేధించి, తర్వాత ఎత్తివేశారు.

2011లో దిగుమతి చేసిన 35,000 మలయ్ బైబిళ్ళు రేవుల్లో నిలిచిపోయినపుడు కుదిరిన రాజీ వింతైనది. ద్వీపకల్పంలో పంచే ప్రతుల మీద సిలువ గుర్తు, ‘క్రైస్తవ ప్రచురణ’ అన్న మాట ముద్రించాలి. సబా, సరవాక్‌లలో అక్కర్లేదు. 2021 మార్చి 10న హైకోర్టు, జిల్ ఐర్లండ్ తన మతసాధనకు ఆ ప్రచురణలు వాడుకోవచ్చనీ, 1986 ఉత్తర్వు చెల్లదనీ తీర్పిచ్చింది. 2023లో ప్రభుత్వం తన అప్పీలును ఉపసంహరించుకుంది. ముస్లిమేతరులు ఆ పదం వాడరాదని పలు రాష్ట్రాలు చేసిన చట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. కాబట్టి ఒకే దేశంలో, ఒకే పుస్తకంలో, ఆదికాండం మొదటి వాక్యం ఒక తీరాన నిరభ్యంతరంగానూ ఇంకో తీరాన సిలువ గుర్తు వెనకా చదవబడుతోంది.