గుత్తి సాలీడుకు గుత్తి సొంతూరు కాదు

అనంతపురం జిల్లా గుత్తి అనగానే కోట, రైల్వే జంక్షన్ గుర్తొస్తాయి. సాలీళ్లను చదివేవాళ్లకు మాత్రం ఓ నీలిరంగు సాలీడు గుర్తొస్తుంది. అక్కడి రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క ఆడ సాలీడును పరీక్షించి, బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ పోకాక్ 1899లో దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లపాటు దాని జాడ లేదు.

2001లో అది నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో, చెట్టు తొర్రల్లో కనిపించింది. గుత్తికి అది సుమారు వంద కిలోమీటర్ల దూరం. దుంగలతోపాటు రైలెక్కి గుత్తికి చేరి ఉంటుందని నిపుణుల అంచనా. దొరికిన చోటు కలప యార్డు అని నాడు రాసి ఉంచబట్టే ఈ ఊహకు ఆధారం దొరికింది. వెన్నెముక లేని జీవుల చదువులో సగం పని ఇలాంటి రాతకోతలే. ఏ ఊరు, ఏ చెట్టు, ఏ తేదీ అన్న చీటీ లేకపోతే, సారాలో నిలవచేసిన నమూనా ఎంత అందంగా ఉన్నా దాని విలువ సగానికి పడిపోతుంది.

ఇక పోల్చుకోవడం. అది పైపై చూపుతో తేలే పని కాదు. ఈ ప్రజాతి సాలీళ్లను కాళ్ల అడుగుభాగాన ఉండే చారలు చూసి విడదీస్తారు. ఇలాంటి పోలికల్లో పెద్దవాళ్లూ పొరబడ్డారు: జీవుల వర్గీకరణకు ఆద్యుడైన లిన్నేయస్ అంతటివాడే సాలీళ్లను కీటకాల్లో కలిపేశాడు; వాటిని వేరు చేసింది 'వెన్నెముక లేని జంతువులు' అన్న విభాగాన్ని నిలబెట్టిన లామార్క్. పేరుకు పురుగే అయినా, తొలకరికి చేలల్లో పాకే ఆరుద్ర పురుగుకూ సాలీడులాగే ఎనిమిది కాళ్లు. అదీ సాలీడు చుట్టమే!

గుత్తి సాలీడుకున్న నీలం, రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. రోమాల్లోని అతిసూక్ష్మ నిర్మాణం నీలి కాంతిని వెనక్కి పంపుతుంది. ఆ రంగే దాని ప్రాణం మీదకు తెచ్చింది: విదేశాల్లో దీన్ని ముచ్చటపడి పెంచుకుంటారు. ఇక్కడేమో కలప కోసం, వంటచెరకు కోసం దాని చెట్లు పడిపోతున్నాయి. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పు తీవ్రంగా ఉన్న జీవుల్లో చేర్చింది. 2019లో ఈ ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి వచ్చింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. శాస్త్రానికి కచ్చితమైన చోటు కావాలి, సాలీళ్లను పట్టి అమ్ముకునే దొంగకూ అదే కావాలి. కాబట్టి అటువైపు అడవికి వెళ్లినప్పుడు ఈ సాలీడు కంటపడితే ఫొటో తీయండి, తేదీ, చోటు రాసుకోండి, తెలిసిన పరిశోధకులకు చెప్పండి. ఏ చెట్టు తొర్రో మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి.